‘పారిపోతూ చనిపోయాడు’ అన్న మాటతో దర్యాప్తు ముగించకండి: పోలీసు శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పోలీసు శాఖ ఉన్నతాధికారులకు, హోం శాఖకు, ఉత్తర తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను వరంగల్ ప్రాంతంలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. గత మిర్చి సీజనులో మా ఊరి యువకుడొకడు రాత్రివేళ వాహన తనిఖీని తప్పించుకుని వెళ్తూ చనిపోయాడు. ఎలా చనిపోయాడో తేల్చమని అతని భార్య, తండ్రి, ఊరి పెద్దలు కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా అర్జీలు పెట్టారు. మౌఖికంగా ‘చూస్తాం’ అన్నవారే తప్ప కాగితం మీద జవాబిచ్చినవారు లేరు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

ఇందులో ఊరి పేరు, స్టేషను పేరు, చనిపోయినవాడి పేరు రాయడం లేదు. కుటుంబం అలాగే కోరింది. ఆ వివరాలన్నీ అర్జీల్లో ఉన్నాయి. ఫలానా కానిస్టేబుల్ హంతకుడని నేను అనడం లేదు. ఎవరి తప్పు ఎంతో మాకు తెలియదు. తెలుసుకునే దారులన్నీ మూసుకుపోయాయి. మా ఫిర్యాదు అదే.

జరిగింది ఇది.

అతను ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి వచ్చే రోజుల్లో బస్తాల దిగుమతి రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. ఆ రాత్రి పని ముగించుకుని బైకుపై ఇంటికి వస్తున్నాడు. ఊరికి ఇవతల రోడ్డు వంపు తిరిగే చోట తనిఖీ జరుగుతోంది. అతనికి హెల్మెట్ లేదు. బండి మీద కట్టని చలాన్లు ఉన్నాయి. మద్యం తాగి ఉన్నాడని పోలీసులు అంటున్నారు. అదీ నిజమే అనుకుని మాట్లాడుకుందాం. ఆపమని చెయ్యి చూపితే ఆపలేదు. బండి తిప్పుకుని కాలువ గట్టు దారి పట్టాడు. ఇద్దరు సిబ్బంది ఒక బైకు మీద వెంటపడ్డారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

కొంతదూరం వెళ్లి తాము వెనక్కి వచ్చేశామని, అతను తనంతట తానే అదుపు తప్పి కల్వర్టును గుద్దుకున్నాడని సిబ్బంది కథనం. ఆ కల్వర్టుకు కూతవేటు దూరంలోని కల్లంలో ఆరబోసిన మిర్చికి కాపలాగా ఒక రైతు పడుకుని ఉన్నాడు. రెండు బండ్ల చప్పుడు దగ్గరగా వినిపించిందని, ఎవరో కేక వేశారని, ఆ వెంటనే పెద్ద శబ్దం వచ్చిందని, కాసేపటికి ఒక బండి వెనక్కి మళ్లిందని ఆయన ఊళ్లో అందరికీ చెప్పాడు. ఆయన పొరబడి ఉండవచ్చు. నిద్రమత్తులో విన్న మాట కోర్టులో నిలవకపోవచ్చు. అయినా ఆయన వాంగ్మూలం నమోదు చేయాలి కదా? ఇవాళ్టికీ చేయలేదు.

స్టేషను ఆవరణలో పడి ఉన్న ఆ బైకును నేను దగ్గరగా చూశాను. ముందు చక్రం రిమ్ము వంగిపోయింది, హెడ్‌లైటు పగిలింది. అది కల్వర్టు దెబ్బ, అనుమానం లేదు. కానీ వెనక మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి నంబర్ ప్లేటు టైరును ఆనుకుని ఉంది. ఎడమవైపు వెనక ఇండికేటర్ తొడుగు ఊడిపోయింది. దాని కింద ఆ బండిది కాని రంగు గీత ఒకటి ఉంది. పాత దెబ్బ కావచ్చు. యార్డులో ఏ ట్రాలీయో తగిలి ఉండవచ్చు. పాతదో కొత్తదో చెప్పగలిగినవారు రవాణా శాఖలో, ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఉన్నారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదికలో ‘యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు’ అన్న మామూలు వాక్యం ఉంది. వెనక దెబ్బ గురించి ఒక్క అక్షరం లేదు. వెంటపడిన పోలీసు బైకునైతే ఎవరూ పరీక్షించనే లేదు.

ఊరి మొదట్లో కిరాణా దుకాణానికి సీసీ కెమెరా ఉంది. మర్నాడు ఉదయమే దాని రికార్డరు పెట్టెను తీసుకువెళ్లారు. రసీదు ఇవ్వలేదు. కొన్నాళ్లకు పెట్టె తిరిగి ఇచ్చి ‘అందులో ఏమీ లేదు’ అన్నారు. శవ పంచనామా రాసినవారు, సాక్షులను ఎంచినవారు, ప్రమాదానికి కారణం నిర్ణయించినవారు తనిఖీ పెట్టిన స్టేషనువారే. కుటుంబానికి కబురు కూడా స్టేషను నుంచి రాలేదు. తెల్లవారుజామున ఎవరో వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలో చొక్కా చూసి భార్య గుర్తుపట్టింది.

అయ్యా, చట్టంలోని ఒక సందు వల్ల ఇదంతా సాధ్యమైంది. మనిషి కస్టడీలో చనిపోతే, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలని 1993 నుంచి ఆదేశం ఉంది. పోలీసు కాల్పుల్లో చనిపోతే 2014లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు ఉన్నాయి. దర్యాప్తు సీఐడీయో, మరో స్టేషను బృందమో సీనియర్ అధికారి పర్యవేక్షణలో చేయాలి. వెంటాడుతుండగా చనిపోయినవాడు ఈ రెండు లెక్కల్లోకీ రాడు. చెయ్యి పడలేదు కనుక కస్టడీ కాదు. తూటా పేలలేదు కనుక ఎన్‌కౌంటర్ కాదు. చివరికి అది ‘స్వయంగా చేసుకున్న రోడ్డు ప్రమాదం’గా మిగులుతుంది. పోలీసులు వెంటపడకపోతే ఆ ప్రమాదం ఆ చోట, ఆ వేగంతో జరిగేదా అని అడిగే బాధ్యత ఎవరి మీదా లేకుండా పోతోంది.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. అదే 196వ సెక్షన్, ఏ అసహజ మరణంలోనైనా పోలీసు దర్యాప్తుకు బదులుగా గానీ, దానికి అదనంగా గానీ మేజిస్ట్రేటు విచారణ జరిపే అధికారం ఇస్తోంది. విచారణ జరిగితే వీలైనంతవరకు బంధువులకు తెలియజేసి, హాజరు కానివ్వాలని కూడా చెబుతోంది. కావలసింది ఒక సర్క్యులర్, దాన్ని అమలు చేయించే పట్టుదల.

ఇది ఒక్క ఇంటి దుఃఖం కాదు. దీని ఫలితం మామూలు మనుషుల మీద ఎలా పడుతుందో వరుసగా చెబుతాను.

1. బతికున్నవారి కూటికి దెబ్బ. బైకు యజమానికి తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలు. డ్రైవింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి, బండి అతని పేరనే ఉండాలి. చాలామంది హమాలీల బండ్లు చేతులు మారినవే. కాగితాలు పాత యజమాని పేరనే ఉంటాయి. పైగా పోలీసు నివేదికలో ‘మద్యం మత్తులో స్వయంగా’ అన్న మాట పడిందంటే బీమా కంపెనీకి వేరే సాకు వెతుక్కునే పని ఉండదు. వెనక నుంచి మరో వాహనం తగిలిందని తేలితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాక 166వ సెక్షన్ కింద దావా వేయడానికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ ఆరు నెలలూ దర్యాప్తు కాగితాల కోసం తిరగడంతోనే కరిగిపోతాయి. రైతుబీమా ఐదు లక్షలు వస్తాయి కదా అని ఊళ్లో కొందరు ఓదార్చారు. అది 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారులకే. భూమి తండ్రి పేరున ఉంది. చనిపోయింది కొడుకు. కాబట్టి అదీ రాదు. పంచనామాలో ఎస్సై ఏ పదం రాస్తారన్నదాని మీద ఇద్దరు పిల్లల చదువు ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు. ఆ పదం రాసే కలం, ఆ రాత్రి తనిఖీ పెట్టిన స్టేషను కలమే కాకూడదని అడగడం పెద్ద కోరికా?

2. సాక్షులు నోరు మూసుకుంటారు. కల్లంలో పడుకున్న రైతు ఇప్పుడు ‘నాకేమీ తెలియదు’ అంటున్నాడు. ఎవరూ బెదిరించలేదని కూడా అంటున్నాడు. బెదిరించనక్కరలేదు కూడా. రేపు పొలం గట్టు తగాదా వచ్చినా, పంట దొంగతనం జరిగినా ఆయన వెళ్లాల్సింది ఆ స్టేషనుకే.

3. కెమెరాలు పెట్టినవారు వెనకడుగు వేస్తారు. ‘నేను సైతం’ పేరుతో పోలీసు శాఖే ప్రజలను అడిగింది. దుకాణదారులు, కాలనీవారు, ఊరివారు సొంత డబ్బు వేసుకుని కెమెరాలు పెట్టారు. దొంగలను పట్టుకోవడానికి అవి ఎంత ఉపయోగపడ్డాయో మీరే పత్రికా సమావేశాల్లో చెబుతుంటారు. పోలీసులకు ఇబ్బంది కలిగించగల దృశ్యం వచ్చినప్పుడు మాత్రం పెట్టె రసీదు లేకుండా మాయమైతే, ఆ దుకాణదారు రెండోసారి కెమెరా ఎందుకు బాగు చేయిస్తాడు?

4. నిజం బయటికి రాని చోట పుకారు పరుగెడుతుంది. లాఠీతో కొట్టారని ఒకరు, తన్ని పడేశారని ఒకరు, కాలువలోకి తోశారని ఇంకొకరు. పోస్టుమార్టం నివేదిక ఇంటివారి చేతికి సకాలంలో వచ్చి ఉంటే ఇందులో సగం మాటలు ఆనాడే ఆగిపోయేవి. శవంతో రోడ్డు మీద బైఠాయింపులు, రాళ్లు, లాఠీచార్జి, ఆపై ఊరివారి మీదే కేసులు. ఈ వరుస మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. ఇందులో నలిగేది ఊళ్లల్లో పుట్టి పెరిగిన కానిస్టేబుళ్లు, హోంగార్డులు కూడా. ఆ రాత్రి వెంటపడిన ఇద్దరూ నిజంగానే మధ్యలో వెనక్కి వచ్చి ఉంటే వారిది నిర్దోషిత్వం. దాన్ని నిరూపించుకునే అవకాశం కూడా వారికి లేకుండా చేశారు. స్వతంత్ర దర్యాప్తు లేకపోవడం వల్ల వారు జీవితమంతా ఆ అనుమానం మోయాలి.

5. పారిపోయేవారు పెరుగుతారు. భయం పెరిగితే బండి ఆపరు.

6. ఈ నేలకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ‘పారిపోతుండగా’, ‘ఎదురు తిరగగా’ అన్న మాటలను ఉత్తర తెలంగాణ పల్లెలు తరాలుగా వింటున్నాయి. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి వద్ద దిశ కేసు నిందితులు నలుగురు ఆయుధాలు లాక్కుని పారిపోబోయారని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కథనం నమ్మశక్యంగా లేదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తన నివేదికలో చెప్పింది. ఇంకా వెనక్కి వెళ్తే ఒడిశాకు చెందిన నీలాబతి బెహెరా కేసు ఉంది. 1987 డిసెంబరులో ఆమె 22 ఏళ్ల కొడుకును పోలీసులు పట్టుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. తాడు కొరుక్కుని తప్పించుకుపోయి రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని, పోలీసుల కథనాన్ని తోసిపుచ్చి, 1993లో లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇప్పించింది. పోలీసు కస్టడీలో పౌరుడి ప్రాణం పోతే రాజ్యం పరిహారం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. ‘తప్పించుకుపోయాడు’ అన్న మాట వినగానే జనం ఎందుకు నమ్మరో దీన్నిబట్టి మీకు అర్థం కావాలి. ప్రతిసారీ అది అబద్ధమే అని కాదు. ప్రతిసారీ పరీక్షించాల్సిన మాట అని.

ఇక మీ వైపు వాదన. ‘ఆపమంటే ఆపనివాణ్ని వదిలేయాలా? రేపు అందరూ ఆపకుండా పోతే చట్టం ఎవరికి?’ అని ఒక అధికారి నన్నే అడిగారు. న్యాయమైన ప్రశ్న. రాత్రిళ్లు రోడ్డు మీద నిలబడే సిబ్బంది ప్రాణాలను కూడా తాగి నడిపేవారు తీస్తున్నారు. ఏజెన్సీ సరిహద్దుల నుంచి గంజాయి మన రోడ్ల మీదుగానే పోతోంది. తనిఖీలు వద్దని నేను అనడం లేదు. పైగా, మద్యం తాగి నడిపేవాణ్ని పట్టుకోవలసిందే.

కానీ లెక్క చూడండి. హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా. మొదటిసారి తాగి నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పెండింగ్ చలాన్లకైతే 2023 డిసెంబరులో ప్రభుత్వమే ద్విచక్ర వాహనాలకు 80 శాతం రాయితీ ప్రకటించింది. సర్కారు అయిదింట నాలుగు వంతులు వదులుకోగలిగిన బాకీ అది. దానికోసం చీకట్లో కాలువ గట్టు మీద ఒక మనిషిని తరమవలసిన అవసరం ఏమిటి? అరెస్టు ఎలా చేయాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్, మరణశిక్ష గానీ యావజ్జీవ శిక్ష గానీ పడే నేరం కానప్పుడు ప్రాణం తీసే హక్కు పోలీసుకు లేదని స్పష్టంగా చెబుతోంది. కాల్చడానికి వర్తించే ఆ హద్దు వెంటాడటానికి మాత్రం ఎందుకు వర్తించదు?

బండి నంబరు కనబడుతోంది. రోడ్డు పక్క నిలబడి ఫొటో తీసి ఇంటికి చలాను పంపే విద్యలో మన రాష్ట్ర పోలీసులు ఆరితేరారు. నంబరుతో యజమాని చిరునామా క్షణాల్లో దొరుకుతుంది. తెల్లారాక ఇంటికి వెళ్లి నోటీసు ఇస్తే పోయేదేమీ లేదు. ఒప్పుకుంటాను, తెల్లారేసరికి మద్యం పరీక్ష కుదరదు, ఆ ఒక్క కేసు తప్పిపోతుంది. కానీ తాగినవాణ్ని తరిమితే అతను ఇంకా ప్రమాదకరంగా నడుపుతాడు. ఎదురుగా వచ్చే ఆటోలోని కూలీలకు ఆ తరమడం వల్ల రక్షణ పెరిగిందా, తగ్గిందా?

ఈ మాట నేను మొదటగా అంటున్నది కాదు. హెల్మెట్ లేనివారిని వెంటాడి పట్టుకోవద్దని, సాంకేతిక పరికరాలు వాడుకోమని కేరళ హైకోర్టు 2019 నవంబరులోనే చెప్పింది. అంతకుముందు ఏడాది మార్చిలో తమిళనాడులోని తిరుచ్చి వద్ద, తనిఖీలో ఆగకుండా వెళ్లిన దంపతులను ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంటాడి బైకును తన్నడంతో భార్య ప్రాణం పోయింది. ఆ ఇన్‌స్పెక్టర్ అరెస్టయ్యాడు. 2025 మే నెలలో కర్ణాటకలోని మండ్యలో హెల్మెట్ తనిఖీ కోసం ఆపిన బైకు మీది నుంచి పడి, ఆసుపత్రికి తీసుకెళ్తున్న చిన్న పాప చనిపోయింది. ముగ్గురు ఏఎస్సైలు సస్పెండయ్యారు. అక్కడ జనం కళ్ల ముందు జరిగాయి కాబట్టి చర్య వచ్చింది. మా కాలువ గట్టు మీద చూసినవారు లేరు. అందుకే అక్కడ దర్యాప్తు ఇంకా గట్టిగా జరగాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసు వెంటాడినప్పుడు ఎవరైనా చనిపోతే ఆ కేసును పోలీసులకు సంబంధం లేని స్వతంత్ర సంస్థకు తప్పనిసరిగా పంపుతారు. తప్పు జరిగిందని తేలాక కాదు, మరణం జరిగిందని తెలిసిన వెంటనే.

మా కోరికలు ఇవి.

1. వాహన తనిఖీ సమయంలో, లేదా తనిఖీ నుంచి తప్పించుకుని పోతుండగా ఎవరు మరణించినా, తీవ్రంగా గాయపడినా, దర్యాప్తు వెంటనే మరో సబ్‌డివిజన్ అధికారికో, సీఐడీకో అప్పగించాలి. శవ పంచనామాతో సహా. మొదటి రోజు సాక్ష్యం చెడితే ఆ తర్వాత ఎంత పెద్ద అధికారి వచ్చినా చేయగలిగింది తక్కువ. పీయూసీఎల్ మార్గదర్శకాలను ఇలాంటి మరణాలకూ వర్తింపజేస్తూ డీజీపీ స్థాయిలో ఉత్తర్వు ఇవ్వాలి.

2. ఇలాంటి ప్రతి మరణంలోనూ 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణ జరగాలి. తేదీ, స్థలం కుటుంబానికి ముందుగా తెలుగులో రాతపూర్వకంగా తెలియజేయాలి. నివేదికను బయటపెట్టాలి.

3. ఇరవై నాలుగు గంటల్లోపు భద్రపరచాల్సిన వాటి జాబితా ఒకటి ఉండాలి: చుట్టుపక్కల కెమెరాల దృశ్యాలు, వైర్‌లెస్ సంభాషణలు, పెట్రోలింగ్ వాహనాల జీపీఎస్ వివరాలు, సిబ్బంది ఫోన్ల కాల్ రికార్డులు, బ్రెత్ అనలైజర్ ముద్రిత చీటీలు, సిబ్బంది ఒంటి మీది కెమెరాలు. రెండు బండ్లనూ, అంటే పోలీసు బండిని కూడా, సీలు వేసి ఫోరెన్సిక్ పరీక్షకు పంపాలి. చాలా దుకాణాల రికార్డర్లలో కొద్ది రోజులకే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కుతాయి, కాబట్టి ఆలస్యం అంటే సాక్ష్యం చెరిపేయడమే. ఏ వస్తువు తీసుకున్నా రసీదు ఇవ్వాలి. స్టేషన్లలో సీసీ కెమెరాల దృశ్యాలను 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాత్రి స్టేషను దృశ్యాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

4. పోస్టుమార్టం వీడియో తీయాలి. నివేదిక నకలు కుటుంబానికి ఉచితంగా, అడగకముందే ఇవ్వాలి.

5. వెంటాడటానికి రాతపూర్వక నియమావళి కావాలి, తెలుగులో కావాలి, ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఏ నేరానికి వెంటాడవచ్చు, దేనికి కూడదు, ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏ పరిస్థితిలో ఆపేయాలి అన్నవి అందులో ఉండాలి. కిడ్నాపు, హత్య, మారణాయుధాల వంటి కేసులకు ఒక దారి. హెల్మెట్, చలాన్లు, కాగితాలకు మరో దారి: నంబరు రాసుకోండి, ముందున్న స్టేషనుకు వైర్‌లెస్‌లో చెప్పండి, ఇంటికి నోటీసు పంపండి. కదులుతున్న బండి తాళం లాగడం, లాఠీ అడ్డం పెట్టడం, చొక్కా పట్టుకోవడం పూర్తిగా నిషేధించాలి.

6. వంపుల దగ్గర, కల్వర్టుల దగ్గర, చెట్ల చాటున తనిఖీలు పెట్టవద్దు. వెలుతురు, దూరం నుంచే కనబడే బోర్డు, రిఫ్లెక్టర్ జాకెట్లు తప్పనిసరి చేయాలి.

7. పడిపోయినవాణ్ని వదిలి రావడం నేరంగా చూడాలి. వెంటపడిన సిబ్బందికి చివరి క్షణం తెలియకపోయినా, అటు వెళ్లినవాడు ఊరు చేరాడో లేదో కనుక్కునే బాధ్యత వారిదే. 108 అంబులెన్సు పిలిచిన సమయం రికార్డులో ఉండాలి. మా ఊరివాడు ఎంతసేపు ప్రాణాలతో ఉన్నాడో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. భార్య ప్రతిసారీ అడిగే ప్రశ్న అదొక్కటే.

8. పోలీసు సంస్కరణల మీద వేసిన ప్రకాష్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలోనే కాక జిల్లా స్థాయిలోనూ పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు ఉండాలని చెప్పింది. యార్డు హమాలీ భార్య తన ఫిర్యాదు కోసం హైదరాబాదు బస్సెక్కే అవసరం లేకుండా, వరంగల్‌లో, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో, నిజామాబాద్‌లో అది తలుపు తెరిచి పనిచేయాలి. చిరునామా, ఫోను నంబరు ప్రతి స్టేషను గోడ మీద రాయించాలి.

9. వాహన తనిఖీల వల్ల, వెంటాడటం వల్ల జరిగిన మరణాల సంఖ్యను జిల్లాలవారీగా ఏటా ప్రచురించాలి. లెక్క లేకపోతే సమస్యే లేనట్టు చూపడం తేలిక.

10. మా కేసులో: కల్లం రైతు వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు నమోదు చేయించాలి. రెండు బైకులను ఫోరెన్సిక్ పరీక్షకు పంపాలి. కెమెరా రికార్డరును నిపుణులకు పంపి చెరిపిన దృశ్యాలు ఏమైనా ఉంటే తిరిగి రాబట్టాలి. తేలేదాకా సంబంధిత సిబ్బందిని ఆ స్టేషను నుంచి బదిలీ చేయాలి. అది శిక్ష కాదు, సాక్షులకు ధైర్యం. తాత్కాలిక సాయంగా కుటుంబానికి కలెక్టర్ నిధి నుంచి ఎంతో కొంత వెంటనే ఇవ్వాలి. పిల్లల బడి ఫీజుకు జూన్ ఆగదు.

సమాచార హక్కు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. పోయిన ప్రాణానికి ఆ నిబంధన వర్తించదని ఎవరైనా వాదిస్తారేమో, నాకు తెలుసు. మామూలు దరఖాస్తుకు ఉన్న 30 రోజుల గడువైనా పాటించమని అడుగుతున్నాను. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఏడాది గడువు ఉంది. అది దాటకముందే అక్కడికీ వెళ్తాం. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే దానికీ కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అంతదూరం వెళ్లకుండానే ఈ పని చేయగల అధికారం మీ చేతుల్లో ఉంది కాబట్టి ముందు మిమ్మల్ని అడుగుతున్నాం.

ఈ లేఖ అందినట్టు, ఏ అధికారికి అప్పగించారో, ఎప్పటిలోగా తేలుస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు నాకు పంపనక్కరలేదు. అర్జీలో చిరునామా ఉంది, అతని భార్యకు పంపండి. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. తెలుగులో రాయండి.

ఇట్లు,
ఆ ఊరి ప్రజల తరఫున,
ఒక న్యాయవాది,
వరంగల్